సైకాలజీలో పీహెచ్‌డీ: దరఖాస్తు కంటే ముందు తేలాల్సినవి

సైకాలజీలో ఎం.ఏ. లేదా ఎం.ఎస్సీ. ముగించి పీహెచ్‌డీ వైపు చూసేవారిలో రెండు రకాల వారుంటారు. ఏదో ఒక ప్రశ్న పట్టుకుని వదలనందువల్ల, దానికి జవాబు వెతికే పద్ధతి నేర్చుకోవాలని వచ్చేవారు కొందరు. పేరు ముందు డాక్టర్ అన్న మాట చేరితే కౌన్సెలింగ్ కేంద్రం పెట్టుకోవచ్చని, వచ్చేవారికి నమ్మకం కుదురుతుందని భావించేవారు మరికొందరు. రెండో కోరికలో తప్పేమీ లేదు గానీ ఆ కోరిక తీరడానికి పీహెచ్‌డీ సరైన దారి కాదు. పరిశోధనకు, చికిత్సకు మన దేశంలో చట్టమే వేర్వేరు దారులు వేసింది. ఈ తేడా తెలియకుండా వేసిన దరఖాస్తు ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే తడబడుతుంది. ఒకవేళ సీటు వచ్చినా, అయిదారేళ్ల తర్వాత తాను కోరుకున్నది ఇది కాదని అభ్యర్థికి అర్థమయ్యే ప్రమాదం ఉంది.

మానసిక సమస్యలున్నవారికి క్లినికల్ సైకాలజిస్టుగా సేవలందించాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే అందరూ ఆర్‌సీఐ అని పిలిచే సంస్థ, నిర్వహించే కేంద్ర రిజిస్టరులో పేరు ఉండాలి. ఆ సంస్థకు ఈ అధికారం ఇచ్చిన 1992 నాటి చట్టం ప్రకారం, రిజిస్టరులో పేరు లేకుండా ఆ వృత్తి చేసేవారికి ఏడాది వరకు జైలు గానీ, వెయ్యి రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరింత స్పష్టంగా మాట్లాడింది. ఆర్‌సీఐ గుర్తించిన సంస్థలో క్లినికల్ సైకాలజీ అర్హత పొందినవారు, లేదా సైకాలజీలో పీజీ తర్వాత నిపుణుల పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణతో కూడిన రెండేళ్ల పూర్తికాల ఎం.ఫిల్. చేసినవారు మాత్రమే ఆ చట్టం దృష్టిలో క్లినికల్ సైకాలజిస్టులు. ఈ నిర్వచనంలో పీహెచ్‌డీ అన్న మాటే లేదు. విశ్వవిద్యాలయంలో కుంగుబాటు మీద అయిదేళ్లు పరిశోధన చేసి పట్టా పొందిన వ్యక్తికి కూడా, ఆర్‌సీఐ అర్హత లేకపోతే, ఆస్పత్రిలో క్లినికల్ సైకాలజిస్టు పోస్టుకు దరఖాస్తు చేసే వీలుండదు.

ఎం.ఫిల్. విషయంలో ఇటీవలి మార్పులు ఈ గందరగోళాన్ని పెంచాయి. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022 నవంబరులో ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనలు ఎం.ఫిల్. డిగ్రీని రద్దు చేశాయి. అయితే క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎం.ఫిల్.లు కేవలం పరిశోధన డిగ్రీలు కావు, వృత్తి శిక్షణలు కూడా. ఒక్కసారిగా వాటిని ఆపేస్తే దేశంలో అసలే తక్కువగా ఉన్న నిపుణుల రాక ఆగిపోతుంది. అందుకే ఆ రెండింటికీ 2025–26 విద్యా సంవత్సరం వరకు గడువు పొడిగించారు. ఆ తర్వాతి కాలం కోసం ఆర్‌సీఐ ఎం.ఏ. క్లినికల్ సైకాలజీ, సై.డీ. (చికిత్సకు ప్రాధాన్యమిచ్చే డాక్టరేటు) వంటి కోర్సులను ముందుకు తెచ్చింది. కాబట్టి చికిత్స రంగంలోకి వెళ్లాలనుకునేవారు చూడాల్సింది పీహెచ్‌డీ నోటిఫికేషన్లను కాదు, ఆర్‌సీఐ వెబ్‌సైటులో ఆ ఏడాది అనుమతి ఉన్న సంస్థల జాబితాను. అనుమతి సంస్థకే కాక కోర్సుకు, కాలానికి కూడా ముడిపడి ఉంటుంది గనుక పాత జాబితాను నమ్ముకోవడం కూడా ప్రమాదమే. ఇక్కడి నుంచి ఈ వ్యాసం మొదటి రకం అభ్యర్థుల గురించే మాట్లాడుతుంది.

అర్హత, నెట్, ఆ 30 మార్కులు

అర్హత నిబంధనలు చెప్పుకోవడానికి పెద్దగా చిక్కులేనివి. రెండేళ్ల పీజీ చేసినవారికి 55 శాతం మార్కులుండాలి. నాలుగేళ్ల డిగ్రీ తర్వాత నేరుగా వచ్చేవారికి 75 శాతం కావాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. సైకాలజీకి ప్రత్యేకమైన చిక్కు మరొకటి: ఈ సబ్జెక్టులో చాలామంది దూరవిద్య ద్వారా ఎం.ఏ. చేశారు. ఉద్యోగం చేస్తూనో, మరో సబ్జెక్టులో డిగ్రీ అయ్యాక ఆసక్తి కలిగో ఇటు వచ్చినవారికి అదొక్కటే అందుబాటులో ఉన్న దారి. 2025 జులై–ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపకూడదని యూజీసీ ఆదేశించింది. అంతకుముందు గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం నుంచి తీసుకున్న పట్టాకు దానివల్ల ఢోకా లేదు. కానీ దూరవిద్యలో ప్రయోగశాల పని, పరీక్షల నిర్వహణ, ప్రాజెక్టు అంతంతమాత్రంగా జరిగిన అభ్యర్థి ఆ లోటును దరఖాస్తుకు ముందే పూడ్చుకోకపోతే ఇంటర్వ్యూలో అది బయటపడుతుంది. పీహెచ్‌డీని మాత్రం దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో ఏ సంస్థా ఇవ్వకూడదు. అలా ఇస్తామని చెప్పేవారి ప్రకటనలను చదవడం కూడా వృథా.

ప్రవేశ పరీక్షల తీరు 2024లో మారింది. అంతవరకు ఒక్కో విశ్వవిద్యాలయం తనకు తానుగా పరీక్ష పెట్టుకునేది. ఆ ఏడాది జూన్ విడత నుంచి అధ్యాపక అర్హత కోసం జరిపే జాతీయ పరీక్ష యూజీసీ నెట్ స్కోరునే పీహెచ్‌డీ ప్రవేశానికి కూడా వాడుకోవచ్చని తేల్చారు. ఇప్పుడు నెట్ రాసినవారు మూడు వర్గాలుగా బయటికి వస్తారు. మొదటి వర్గానికి జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్), అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం మూడూ దక్కుతాయి. రెండో వర్గానికి జేఆర్‌ఎఫ్ తప్ప మిగతా రెండూ, మూడో వర్గానికి పీహెచ్‌డీ ప్రవేశం ఒక్కటే. జేఆర్‌ఎఫ్ వచ్చినవారిని ఇంటర్వ్యూ ఆధారంగా తీసుకుంటారు. మిగతా ఇద్దరికీ నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఈ రెండు వర్గాలవారి స్కోరు పీహెచ్‌డీ ప్రవేశానికి ఒక్క ఏడాదే చెల్లుతుంది. ఆ ఏడాదిలో కోరుకున్న విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ ఇవ్వకపోతే మళ్లీ పరీక్ష రాయాల్సిందే. కొత్త పద్ధతిలో జరిగిన తొలి విడతే సజావుగా సాగలేదు. 2024 జూన్ 18న పెట్టిన పరీక్షను మరునాడే రద్దు చేసి, ఆగస్టు చివర్లో కంప్యూటర్ మీద మళ్లీ నిర్వహించడం మొదలుపెట్టారు. ఒకే పరీక్ష మీద ఇన్ని ప్రవేశాలు ఆధారపడినప్పుడు ఇలాంటి జాప్యం ఎంతమంది విద్యా సంవత్సరాన్ని వెనక్కి నెడుతుందో ఆ ఏడాది అభ్యర్థులకు బాగా తెలుసు.

నెట్ సైకాలజీ పేపరు 100 ప్రశ్నలు, 200 మార్కులు. దీనికి ముందు అందరికీ ఉమ్మడిగా ఉండే పేపరు 50 ప్రశ్నలు, 100 మార్కులు. రెండింటికీ కలిపి మూడు గంటలు. సిలబస్ పది యూనిట్లు: భారతీయ, పాశ్చాత్య చింతనల్లో మనస్తత్వశాస్త్రం పుట్టుక నుంచి పరిశోధన పద్ధతులు, సాంఖ్యక శాస్త్రం, పరీక్షల నిర్మాణం, మెదడు, జ్ఞాపకం, ప్రజ్ఞ, వ్యక్తిత్వం, సామాజిక మనస్తత్వం, వికాసం వరకు అన్నీ అందులో ఉన్నాయి. ఇంత విస్తారమైన సిలబస్‌ను బహుళైచ్ఛిక ప్రశ్నలతో పరీక్షిస్తే జ్ఞాపకం బాగా ఉన్నవారు నెగ్గుతారు. ఏ సిద్ధాంతం ఎవరిదో, ఏ పరీక్షలో ఎన్ని ఉపభాగాలున్నాయో గుర్తుంటే మార్కులు వస్తాయి. ఒక మంచి పరిశోధన ప్రశ్నను రూపొందించగలరా, అందిన సమాచారం తన ఊహకు ఎదురు తిరిగితే నిజాయితీగా ఒప్పుకోగలరా అన్నది ఆ పేపరు చెప్పలేదు. అది తెలిసేది మిగిలిన 30 శాతంలోనే. పరిశోధన సామర్థ్యాన్ని కొలిచే భాగానికి మొత్తంలో మూడో వంతు కూడా దక్కకపోవడం ఈ ఏర్పాటులో ఉన్న పెద్ద లోపం. అయితే అభ్యర్థి కోణం నుంచి చూస్తే లెక్క వేరు. నెట్ స్కోర్లు దగ్గరదగ్గరగా ఉన్న పదిమందిని ఒకే రోజు పిలిచినప్పుడు, సీటు ఎవరిదో నిర్ణయించేది ఆ 30 మార్కులే.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పరిస్థితి ఇంకా పూర్తిగా ఒక్క తీరుకు రాలేదు. ఆంధ్రప్రదేశ్ తన విశ్వవిద్యాలయాలన్నింటికీ కలిపి ఆర్‌సెట్ అనే ఒకే ప్రవేశ పరీక్ష నిర్వహిస్తూ వచ్చింది. ఉస్మానియా జాతీయ ఫెలోషిప్ ఉన్నవారిని ఒక కేటగిరీలో, ప్రవేశ పరీక్ష ద్వారా వచ్చేవారిని మరో కేటగిరీలో తీసుకుంటూ వచ్చింది. 2022 నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయం సొంతంగా పెట్టే పరీక్షలో సగం ప్రశ్నలు పరిశోధన పద్ధతుల మీద, సగం సబ్జెక్టు మీద ఉండాలి. సైకాలజీ విద్యార్థికి ఇది ఒకరకంగా అనుకూలం, ఎందుకంటే పరిశోధన పద్ధతులు, సాంఖ్యక శాస్త్రం ఈ సబ్జెక్టు ఎం.ఏ.లోనే తప్పనిసరి పేపర్లు.

ఖాళీ ఉన్న గైడ్

పరీక్ష దాటినవారు తరచూ లెక్కలోకి తీసుకోని అసలు అడ్డంకి గైడ్ దగ్గర ఖాళీ. నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒకే సమయంలో 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందికి మించి మార్గదర్శకత్వం వహించకూడదు. పదవీ విరమణకు మూడేళ్లలోపు సర్వీసు మిగిలిన అధ్యాపకులు కొత్త విద్యార్థులను చేర్చుకోకూడదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ గైడ్ కావాలంటే పీహెచ్‌డీతో పాటు తోటి నిపుణుల సమీక్షకు నిలిచి ప్రచురితమైన కనీసం మూడు పరిశోధన పత్రాలు, పై స్థాయిలవారికి కనీసం అయిదు ఉండాలి. సైకాలజీ శాఖలు తెలుగు రాష్ట్రాల్లో చిన్నవి, పైగా రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులు ఏళ్లతరబడి ఖాళీగా ఉండటం అందరికీ తెలిసిందే. నలుగురు అధ్యాపకులున్న శాఖలో ఇద్దరు విరమణకు దగ్గరపడి, ఒకరి దగ్గర స్కాలర్లు నిండిపోయి ఉంటే, ఆ ఏడాది నిజానికి దరఖాస్తు చేస్తున్నది ఆ నాలుగో వ్యక్తికి. వచ్చే రెండు మూడు ఖాళీల మీద రిజర్వేషన్ రోస్టరు కూడా అమలవుతుంది. అందుకే నోటిఫికేషన్‌తో పాటు ఇచ్చే గైడ్‌వారీ ఖాళీల పట్టికను, అధ్యాపకుల ప్రొఫైల్ పేజీలను ముందే చదవడం తప్పనిసరి.

శాఖ పేరు చూసి అక్కడ ఏ పని జరుగుతుందో ఊహించడం కూడా సరికాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1960వ దశకంలో కోనేరు రామకృష్ణారావు నెలకొల్పిన శాఖకు సైకాలజీ, పారాసైకాలజీ శాఖ అని పేరు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో అతీంద్రియ శక్తులపై ప్రయోగాలు చేసిన జె.బి. రైన్‌తో కలిసి పనిచేసి వచ్చిన ఆయన ఆసక్తి ఆ శాఖకు అప్పట్లో ఒక ప్రత్యేకమైన దిశ ఇచ్చింది. ఒక తరం తర్వాత శాఖలో ఎవరున్నారో వారి ఆసక్తులే శాఖ ఆసక్తులవుతాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హెల్త్ సైకాలజీకి ఒక కేంద్రం, న్యూరల్, కాగ్నిటివ్ సైన్సెస్‌కు వేరే కేంద్రం ఉన్నాయి. జ్ఞాపకం మీద కంప్యూటర్ ప్రయోగాలు చేయాలనుకునే అభ్యర్థి, దీర్ఘవ్యాధులున్నవారి జీవన నాణ్యత మీద పనిచేయాలనుకునే అభ్యర్థి ఒకే ఆవరణలో వేర్వేరు తలుపులు తట్టాలి. కాగ్నిషన్ (ఆలోచన, జ్ఞాపకం వంటి ప్రక్రియల) వైపు మొగ్గేవారికి హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ, సామాజిక శాస్త్రాలతో కలిపి చూసేవారికి ఐఐటీ హైదరాబాద్ లిబరల్ ఆర్ట్స్ విభాగం కూడా పరిశీలించదగ్గవే. వాటి ప్రవేశ విధానం రాష్ట్ర విశ్వవిద్యాలయాల విధానానికి భిన్నంగా ఉంటుంది.

గైడ్‌కు ముందుగా ఈమెయిల్ రాయడం మన దగ్గర ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. కొందరు అధ్యాపకులు దాన్ని సిఫారసుగా భావిస్తారన్న భయం అభ్యర్థుల్లో ఉంది. సీటు అడగకుండా, ఆ అధ్యాపకుడు ఈమధ్య ప్రచురించిన పత్రాన్ని చదివి, అందులో తన ప్రశ్నకు సంబంధించిన భాగం ఏదో రెండు మూడు వాక్యాల్లో చెప్పి, వచ్చే ప్రవేశాల్లో ఆ అంశం మీద విద్యార్థిని తీసుకునే ఆలోచన ఉందా అని మాత్రమే అడిగే లేఖకు ఎవరూ నొచ్చుకోరు. అందరికీ ఒకేలా పంపిన లేఖను మాత్రం మొదటి వాక్యంలోనే పట్టేస్తారు.

ప్రపోజల్‌లో ఏం ఉండాలి

సైకాలజీలో పరిశోధన ప్రతిపాదన మిగతా సామాజిక శాస్త్రాల కంటే కొంచెం భిన్నమైనది. ఇక్కడ చదవబోయే వస్తువు కంటికి కనిపించదు. దాన్ని ఎలా కొలుస్తారు, ఎవరి దగ్గర కొలుస్తారు, వాళ్లు అందుకు ఎలా ఒప్పుకుంటారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేకపోతే ఎంత మంచి ఆలోచన అయినా కాగితం మీదే ఉండిపోతుంది.

మన విశ్వవిద్యాలయాల్లో చాలాకాలంగా నలిగిన ఒక మూస ఉంది. కౌమార దశలోని విద్యార్థుల్లో ఒత్తిడి తీసుకుని, ఆడ–మగ తేడా, పల్లె–పట్నం తేడా చూసి, రెండు గుంపుల సగటులను పోల్చి, తేడా ఉందనో లేదనో తేల్చడం. ఈ పద్ధతిలో వచ్చిన సిద్ధాంత గ్రంథాలు గ్రంథాలయాల అల్మారాల్లో వరుసలుగా ఉన్నాయి. వాటిలో శ్రమ లేదని కాదు, ప్రశ్న లేదు. ఆడపిల్లల్లో ఒత్తిడి ఎక్కువని తేలితే దానర్థం ఏమిటో, తేలకపోతే ఏమిటో ఆ మూస చెప్పలేదు. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నవారు ఇలాంటి శీర్షికలను ఏడాదికి డజన్ల కొద్దీ చూస్తారు.

అదే ప్రాంతం నుంచి, అదే వయసువాళ్ల మీద అసలైన ప్రశ్న అడగడం సాధ్యమే. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాలను ఎంచుకుంది. దక్షిణాది నుంచి తమిళనాడు, కేరళ ఉన్నాయి గానీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. ఇంటర్మీడియట్‌తో పాటు జేఈఈ, నీట్ శిక్షణను ఒకే హాస్టల్ చదువుగా మార్చిన పద్ధతి ఇంత విస్తృతంగా ఉన్న రెండు రాష్ట్రాల గురించి ఆ సర్వే నేరుగా ఏమీ చెప్పలేదు. ఇది ఖాళీ అని గుర్తించడం తేలిక. అయితే ఖాళీ ఉంది కాబట్టి సర్వే చేస్తానని చెప్పడం ఒక్క మనిషి చేయగల పీహెచ్‌డీ కాదు. దాన్ని కుదించాలి. ఉదాహరణకు, వారాంతపు పరీక్షల ర్యాంకులను నోటీసు బోర్డు మీద పెట్టే కళాశాలల్లో, పెట్టని కళాశాలల్లో విద్యార్థుల నిద్ర, ఆత్మవిశ్వాసం ఏడాది పొడవునా ఎలా మారతాయి అని అడిగితే అందులో ఒక కారణం, ఒక ఫలితం, ఒక కాలక్రమం ఉన్నాయి. జవాబు ఎటు వచ్చినా తెలిసేది ఏదో ఉంటుంది. కళాశాల యాజమాన్యం తన విధానాన్ని మార్చుకోవడానికో, సమర్థించుకోవడానికో కూడా అది పనికొస్తుంది.

తర్వాతి మెట్టు కొలత. కుంగుబాటును కొలవడానికి రెండు ప్రశ్నావళులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ–9ను ఎవరైనా అనుమతి లేకుండా, ఉచితంగా వాడుకోవచ్చు. బెక్ డిప్రెషన్ ఇన్వెంటరీ రెండో కూర్పు పియర్సన్ సంస్థ హక్కులున్నది, కొనాలి. దొరికిన ఫొటోకాపీతో పని కానివ్వడం మన దగ్గర మామూలే అయినా, పత్రం ప్రచురణకు పంపేటప్పుడు పత్రిక అనుమతి పత్రం అడుగుతుంది. అంతకంటే ముఖ్యం భాష. ఇంగ్లిషులో తయారైన ప్రశ్నావళిని పరిశోధకుడు రాత్రికి రాత్రి తెలుగులోకి మార్చి పంచితే అది కొత్త పరీక్ష అవుతుంది, పాత పరీక్ష విశ్వసనీయత దానికి సంక్రమించదు. ఇద్దరు వేర్వేరుగా అనువదించడం, మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లిషులోకి మార్చడం, తేడాలను నిపుణులు చర్చించడం, చిన్న గుంపు మీద ప్రయోగించి అర్థమైందో లేదో అడగడం, ఆ తర్వాత విశ్వసనీయత, ప్రామాణికత లెక్కించడం, ఇవన్నీ జరగాలి. శ్రీకాకుళం పిల్లలకు, మహబూబ్‌నగర్ పిల్లలకు ఒకే వాక్యం ఒకేలా వినిపిస్తుందా అన్నది కూడా పరీక్షించాల్సిన విషయమే. ఈ పని ఒక్కటే ఏడాది తీసుకోవచ్చు. తెలుగులో ప్రామాణికంగా సిద్ధమైన సాధనాలు తక్కువ గనుక, ఒక మంచి సాధనాన్ని తయారు చేయడమే మొత్తం పీహెచ్‌డీ అంశంగా ఎంచుకోవడంలో ఏ చిన్నతనమూ లేదు. తర్వాత వచ్చే పదిమంది పరిశోధకులు వాడుకునేది అదే.

ఇక అనుమతులు. 18 ఏళ్లలోపు వారి మీద పరిశోధనకు తల్లిదండ్రుల సమ్మతి, పిల్లల అంగీకారం రెండూ కావాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ఈ విషయంలో నిర్దిష్టంగా ఉన్నాయి, విశ్వవిద్యాలయ నైతిక కమిటీ ఆమోదం లేకుండా సమాచార సేకరణ మొదలుపెట్టకూడదు. పిల్లలు విజయవాడ హాస్టల్లో, తల్లిదండ్రులు రెండు వందల కిలోమీటర్ల దూరంలోని పల్లెలో ఉన్నప్పుడు సంతకం ఎలా తెస్తారో ప్రపోజల్‌లోనే రాయగలిగిన అభ్యర్థి, ఆ పని గురించి నిజంగా ఆలోచించాడని బోర్డుకు అర్థమవుతుంది. ప్రిన్సిపాల్ అనుమతి దొరకని పక్షంలో ఏం చేస్తారన్నదీ అంతే. ప్రైవేటు కళాశాలలు తమ విద్యార్థుల ఒత్తిడిని బయటివారు కొలవడాన్ని సహజంగానే ఇష్టపడవు. ప్రభుత్వ, గురుకుల కళాశాలలకు సంబంధిత శాఖ నుంచి ఉత్తర్వు కావాలి. క్యాలెండరు కూడా అడ్డే. జనవరిలో జేఈఈ మెయిన్ తొలి విడత, ఆ వెంటనే ఇంటర్ పరీక్షలు. తరగతి గదిలో నలభై నిమిషాలు దొరికేది జులై నుంచి డిసెంబరు లోపే, అందులోనూ దసరా సెలవులు పోను. ప్రశ్నావళిలో ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగే అంశం ఉంటే, అవునని చెప్పిన విద్యార్థిని ఆరోజే ఎవరి దగ్గరికి పంపుతారో ముందే రాసి ఉండాలి. లేకుంటే నైతిక కమిటీ ఆ కాగితాన్ని వెనక్కి పంపుతుంది, పంపాలి కూడా.

ఎంతమందిని తీసుకుంటారు, ఎందుకంతమందిని అన్న ప్రశ్నకు గుండ్రటి సంఖ్య జవాబు కాదు. ఈ ప్రశ్న గత పదేళ్లలో పదునెక్కింది. పేరున్న పత్రికల్లో వచ్చిన 100 సైకాలజీ అధ్యయనాలను అంతర్జాతీయ పరిశోధకుల బృందం ఒకటి మళ్లీ చేసి 2015లో ఫలితాలు ప్రకటించింది. మొదటిసారి 97 శాతం అధ్యయనాల్లో సాంఖ్యకంగా చెప్పుకోదగ్గ ఫలితం ఉంటే, మళ్లీ చేసినప్పుడు అది 36 శాతంలోనే కనిపించింది. చిన్న నమూనాలు, ఫలితం చూసుకున్నాక ఊహను మార్చుకోవడం వంటి అలవాట్లు దీనికి ముఖ్య కారణాలుగా తేలాయి. అందువల్ల ఊహించే తేడా ఎంత, దాన్ని పట్టుకోవడానికి ఎంతమంది అవసరం అన్న లెక్క, విశ్లేషణ పద్ధతిని ముందే నమోదు చేస్తానన్న మాట ప్రపోజల్‌లో ఉంటే చదివేవారికి అభ్యర్థి తన శాస్త్రంలో ఏం జరుగుతోందో గమనిస్తున్నాడని తెలుస్తుంది. ఇంటర్వ్యూలో దీని మీద ప్రశ్న వస్తే, తన ఎం.ఏ. ప్రాజెక్టులో నమూనా ఎందుకు సరిపోలేదో వివరించగలిగినవారి మాటకు, అంతా చక్కగా వచ్చిందని చెప్పేవారి మాట కంటే విలువ ఎక్కువ.

డబ్బు, కాలం

జేఆర్‌ఎఫ్ వచ్చినవారికి 2023 జనవరి నుంచి తొలి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో)గా మారాక 42,000, వీటికి తోడు ఇంటి అద్దె భత్యం. జేఆర్‌ఎఫ్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరినవారికి నెలకు 8,000 మాత్రమే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల అదీ ఉండదు. రెండు మొత్తాల మధ్య ఉన్న ఈ దూరం అభ్యర్థి ప్రతిభకు కొలమానం కాదు, ఒక్క పరీక్షలో ఒకటి రెండు ప్రశ్నల తేడా. అయినా అయిదేళ్ల జీవితాన్ని అదే శాసిస్తుంది. జేఆర్‌ఎఫ్‌కు సాధారణ వర్గంలో 30 ఏళ్ల వయోపరిమితి ఉంది, మహిళలకు, రిజర్వుడు వర్గాలకు అయిదేళ్ల సడలింపు. అందువల్ల ఆ వయసు దాటనివారు ఫెలోషిప్ లేకుండా వెంటనే చేరిపోవడం కంటే మరో విడత నెట్ రాసి చూడటం చాలా సందర్భాల్లో తెలివైన పని.

కనీస వ్యవధి కోర్స్‌వర్క్‌తో కలిపి మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. రీ–రిజిస్ట్రేషన్ ద్వారా మరో రెండేళ్లు, మహిళలకు, 40 శాతం పైబడిన వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్లు పెంచవచ్చు. మహిళలకు 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఉంటుంది. ఉద్యోగం చేస్తున్నవారు యజమాని నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి పార్ట్‌టైమ్‌గా చేయవచ్చు. పాఠశాల కౌన్సెలర్లు, డిగ్రీ కళాశాల అధ్యాపకులు ఎక్కువగా ఈ దారిలో వస్తారు. వారికి నమూనా చేతిలోనే ఉంటుంది, అయితే తన విద్యార్థులనే తన పరిశోధనలో పాల్గొనమని అడిగినప్పుడు వారు కాదనగలరా అన్న నైతిక ప్రశ్న కూడా వెంటే వస్తుంది.

అమెరికా దారి

తెలుగు కుటుంబాల నుంచి అమెరికా వెళ్లేవారిలో సైకాలజీని ఎంచుకునేవారికి అక్కడి పద్ధతి తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడ క్లినికల్, కౌన్సెలింగ్ సైకాలజీల్లో సాధారణంగా డాక్టరేటే వృత్తి లైసెన్సుకు మార్గం. 1949లో బౌల్డర్‌లో జరిగిన సమావేశం క్లినికల్ సైకాలజిస్టు ఏకకాలంలో శాస్త్రవేత్తగా, చికిత్సకుడిగా శిక్షణ పొందాలని నిర్ణయించింది. 1973లో వేల్ సమావేశం చికిత్సకే ప్రాధాన్యమిచ్చే సై.డీ.కి ఆమోదం తెలిపింది. పీహెచ్‌డీ విద్యార్థులకు సాధారణంగా ఫీజు మినహాయింపు, బోధన లేదా పరిశోధన సహాయకులుగా వేతనం ఉంటాయి. సై.డీ. ఎక్కువగా సొంత ఖర్చు. సామాజిక, వికాస, కాగ్నిటివ్ సైకాలజీ పీహెచ్‌డీలకు లైసెన్సుతో పనిలేదు, అవి పూర్తిగా పరిశోధన డిగ్రీలు.

క్లినికల్ పీహెచ్‌డీ దరఖాస్తుల గడువు తరచూ డిసెంబరు ఒకటో తేదీ చుట్టూ ముగుస్తుంది. ఇంటర్వ్యూలు జనవరి నుంచి మార్చి వరకు, ఆర్థిక సహాయంతో వచ్చిన ఆహ్వానానికి జవాబివ్వడానికి ఏప్రిల్ 15 గడువు. అభ్యర్థి ఏ ప్రొఫెసర్ ల్యాబులో పనిచేయాలనుకుంటున్నాడో పేరు రాయాలి, ఆ ప్రొఫెసర్ ఆ ఏడాది విద్యార్థిని తీసుకుంటున్నాడో లేదో విభాగం వెబ్‌సైటులో చాలాచోట్ల ప్రకటిస్తారు. జీఆర్‌ఈని అనేక విభాగాలు వదిలేశాయి లేదా ఐచ్ఛికం చేశాయి. దాని స్థానంలో బరువెక్కినవి ల్యాబు అనుభవం, మూడు సిఫారసు లేఖలు. అమెరికన్ విద్యార్థులు డిగ్రీ తర్వాత ఒకటి రెండేళ్లు ల్యాబులో సహాయకులుగా పనిచేసి వస్తారు. మన దగ్గర ఆ అవకాశం తక్కువ కాబట్టి, ఎం.ఏ. ప్రాజెక్టును ప్రచురణ స్థాయికి తీసుకెళ్లడమో, ఏదైనా ఫండెడ్ ప్రాజెక్టులో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరడమో అందుకు ప్రత్యామ్నాయం. సిఫారసు లేఖ రాసే అధ్యాపకుడు విద్యార్థి మంచివాడని రాస్తే చాలదు. ఏ సమాచారాన్ని ఎలా సేకరించాడో, ఎక్కడ పొరపాటు పట్టుకున్నాడో రాయాలి. ఆ వివరాలను అభ్యర్థే ఒక పేజీలో రాసి అధ్యాపకుడికి అందించడం తప్పు కాదు, మర్యాదే.

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న ప్రతి ప్రోగ్రామూ ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందిని తీసుకున్నారు, ఎంత ఖర్చవుతుంది, సగటున ఎన్నేళ్లు పడుతోంది, ఎంతమందికి ఇంటర్న్‌షిప్ దక్కింది అన్న లెక్కలను తన వెబ్‌సైటులో బహిరంగంగా పెట్టాలి. కన్సల్టెన్సీల మాటలు వినేముందు చదవాల్సిన పేజీ అది. వీసా మీద వెళ్లేవారు ఆ పేజీలో కనిపించని మరో విషయం కూడా చూసుకోవాలి. చివరి ఏడాది పూర్తికాల ఇంటర్న్‌షిప్ లేకుండా డిగ్రీ రాదు. దేశంలో అత్యధిక ఇంటర్న్‌షిప్‌లు నడిపే మాజీ సైనికుల ఆస్పత్రుల వ్యవస్థ అమెరికా పౌరులను మాత్రమే తీసుకుంటుంది. ఫెడరల్ శిక్షణ గ్రాంట్లలో కొన్ని కూడా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికే పరిమితం. అందువల్ల గత కొన్నేళ్లలో ఆ విభాగంలో చదివిన విదేశీ విద్యార్థులు ఎక్కడెక్కడ ఇంటర్న్‌షిప్ చేశారో ఇంటర్వ్యూలోనే అడిగి తెలుసుకోవాలి. చదువయ్యాక తిరిగి వచ్చి ఇక్కడే చికిత్స చేయాలన్న ఉద్దేశం ఉంటే, విదేశీ అర్హతను ఆర్‌సీఐ ఏ పత్రాల ఆధారంగా పరిశీలిస్తుందో వెళ్లకముందే కనుక్కుని, పర్యవేక్షణలో చేసిన క్లినికల్ గంటల రికార్డును మొదటి సెమిస్టరు నుంచే ఆ ప్రకారం భద్రపరచుకోవాల్సి ఉంటుంది.